ఎనిమిది అడుగుల తేడా

ఆశీర్వాదం కొలిచిన త్రిభుజం అర సెకను తేడాతో కలిసిందన్న సంగతి సోమవారం పొద్దున టీ వేళకే క్యాంపంతా పాకిపోయింది. నరసింహులు నోటి దాకా వచ్చిన గ్లాసును మళ్లీ కిందికి దించాడు. అర సెకను! పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఆ అంకె అతని పుస్తకంలో ఒక్కసారీ పడలేదు.

మూడు కొండల మీద నుంచి మూడు కోణాలు కొలిస్తే, మూడూ కలిపి ఇంత రావాలని ఒక లెక్క ఉంటుంది. అందులో మొహమాటాలు లేవు. ఎంత తేడా వస్తే కొలిచినవాడి చెయ్యి అంత వంకర. రెండు సెకన్లయితే బాగుందంటారు, మూడయితే పెదవి విరుస్తారు. సెకనంటే డిగ్రీని అరవై ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను తీసుకుని దాన్ని మళ్లీ అరవై చేస్తే వచ్చే పలుకు. నరసింహులు కొలిచిన మడకశిర వైపు త్రిభుజం రెండున్నర సెకన్లకు కలిసింది. నిన్నటి దాకా ఆ రెండున్నరను తలుచుకుని అతను మీసం దువ్వుకుంటూ తిరిగాడు. ఈ పొద్దు అదే రెండున్నర అతనికి బొబ్బలా సలుపుతోంది.

"విన్నావా నరసింహులూ? మనోడు ఇరగదీసినాడు గదప్పా!" అన్నాడు క్యాంపు ఆఫీసరు ఆదెప్ప, గుడారం గుమ్మంలో నిలబడి.

"విన్న్యా సార్. సంతోషం" అన్నాడు నరసింహులు. చల్లారిన టీని ఒక్క గుక్కలో మింగాడు.

అది అరవై అయిదో సంవత్సరం జనవరి. దొరల కాలంలో కొండల మీద నాటిన సర్వే గుర్తులను మళ్లీ కొలిచి, కొత్త పటాలకు సిద్ధం చేసే పని మీద హిందూపురం ఊరి చివర నాలుగు గుడారాలు వేశారు. గాలి తేటగా ఉండే ఈ మూడు నెలలే పనికి అదను. నెలాఖరుకు డెహ్రాడూను ట్రైనింగుకు ఆదెప్ప ఒక పేరు రాసి పంపాలి. ఒక్కటే పేరు. వెళ్లి వచ్చినవాడు ఆఫీసరవుతాడు. నరసింహులు పేరు ఇప్పటికి రెండుసార్లు పోకుండా ఆగిపోయింది. అతనికి నలభై నాలుగేళ్లు. వచ్చే ఏడాది వయసు దాటిపోతుంది.

ఆశీర్వాదానికి ఇరవై ఏడు. మిషను బడిలో చదివాడు. వాళ్ల నాయన ధర్మవరం దగ్గర పల్లెలో చెప్పులు కుట్టేవాడు. క్యాంపులో అందరి బియ్యమూ ఒకే కుండలో ఉడికినా, నరసింహులు మాత్రం హిందూపురంలోని తన ఇంటి నుంచి క్యారియరు తెప్పించుకుంటాడు. కడుపులో మంట, డాక్టరు కారం వద్దన్నాడని చెబుతాడు. ఆశీర్వాదం ఈ సర్వే పార్టీలో చేరిన వారం నుంచే ఆ మంట మొదలైందని అందరికీ తెలుసు. అడిగినవాళ్లు లేరు.

టీ అయ్యాక నరసింహులు లెక్కల గుడారంలోకి వెళ్లి ఆశీర్వాదం కోణాల పుస్తకం తీశాడు. సర్వే పుస్తకంలో ఒకసారి సిరాతో పడిన అంకెను చెరపకూడదు. తప్పయితే ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం పెట్టాలి. పేజీలకు ముందే నంబర్లు వేసి ఉంటాయి కాబట్టి చింపడానికీ లేదు. అర సెకను కోసం వీడు ఎక్కడో ఒకచోట గీకి ఉంటాడు, బ్లేడుతోనో, తడి గుడ్డతోనో. నరసింహులు పేజీలను ఒక్కొక్కటే పైకెత్తి గుడారం కంతలోంచి పడుతున్న ఎండకు అడ్డం పట్టాడు. గీకినచోట కాగితం పలచబడి వెలుతురు ఎక్కువ దిగుతుంది. బొటనవేలితో నిమిరి చూశాడు. చివరికి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాడు.

పెనుకొండ, గొర్లగుట్ట, హిందూపురం పక్క కొండ. మూడు చోట్లా పదహారేసి సార్లు చదివిన అంకెలు. అన్నీ చింతగింజలు పేర్చినట్టు ఒకే కొలతలో ఉన్నాయి. మొత్తం మీద రెండే కొట్టివేతలు, రెండింటి పక్కనా సంతకాలు.

"ఏమన్నా కావాల్నా సార్?"

గుమ్మంలో ఆశీర్వాదం. పేజీ ఇంకా ఎండకు ఎత్తిపట్టే ఉంది. సర్వేలో పని నేర్చినవాడికి ఆ పట్టుకోవడం ఎందుకో చెప్పనక్కరలేదు. నరసింహులు చెవులు వేడెక్కాయి.

"ఏం లేదబ్బా. అంకెలు గుండ్రంగా రాస్తావే అని చూస్తాండా."

"మీ పుస్తకాలు చూసే నేర్చుకుంటి సార్. చేరినప్పుడు ఆఫీసులో మీ పాత పుస్తకాలే ఇచ్చినారు, చూసి రాయమని."

వెక్కిరిస్తున్నాడు. వెక్కిరింపు కాక మరేమిటి? ఇంత వినయంగా ఎవరైనా నిజం చెబుతారా? నరసింహులు పుస్తకం మూసి బల్ల మీద పడేసి బయటికి నడిచాడు.

ఆ సాయంత్రం ఇంట్లో నీలావతి వడ్డిస్తుంటే ముద్ద ముట్టకుండా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

"ఎవురు సచ్చినారు?" అంది ఆమె.

"అర సెకనంట. వానికి అర సెకను వచ్చినాదంట."

"అర సెకనంటే ఎంత?"

"ముప్పై మైళ్ల అవతల ఉండే కొండను చూస్తే, ఆడ నాలుగైదు అంగుళాలు."

"నాలుగైదు అంగుళాలకా ఈ మూతి?" నీలావతి పక్కున నవ్వింది. "ఆ పిల్లోని మీద నీకు ఈర్ష్య పుట్టినాది. తిను. పప్పు సల్లగైపోతాంది."

తన గుండెలో ఉన్న మాటను పెళ్లాం అంత తేలిగ్గా, గరిటె తిప్పినంత తేలిగ్గా అనేసినందుకు నరసింహులుకు ఒళ్లు మండింది. ఈర్ష్యేనని అతనికీ తెలుసు. తెలిసినంత మాత్రాన తగ్గేది అయితే అది ఈర్ష్యే కాదు.

మంగళవారం మధ్యాహ్నానికి గాలి మారింది. పెద్ద లెక్కలు పూర్తి చేసిన ఆదెప్ప ఇద్దరినీ తన గుడారానికి పిలిచాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని కాగితం మీద వేలితో తట్టాడు.

"త్రిభుజం కలిసినాది, నిజమే. కానీ గొర్లగుట్ట ఉండాల్సిన తావులో లేదప్పా. పాత లెక్క ప్రకారం ఉండేదానికీ, ఆశీర్వాదం కోణాలతో వచ్చేదానికీ ఎనిమిది అడుగులు తేడా వస్తాంది."

ఆశీర్వాదం కాగితం మీదికి వంగాడు. "ఎనిమిది అడుగులా సార్?"

"గుట్ట నడిచిపోదు గదా! మరి నడిచిందెవురు?"

నరసింహులు నేల చూపులు చూశాడు. పైకి చూస్తే నవ్వు కనబడిపోతుందని. ఎనిమిది అడుగులు! ముప్పై మైళ్ల దూరానికి పది సెకన్ల చిల్లర. అర సెకను మొనగాడు ఎక్కడో పది సెకన్లు మింగాడు. లోపల ఏదో తాడు తెగినట్టు హాయిగా అనిపించింది. ఆ రోజు అతను క్యారియరు గిన్నెలు గీకి మరీ తిన్నాడు.

అప్పుడు గుడారంలో బల్ల మీద ఆంగ్ల పత్రిక తెరిచి ఉంది. ఆదెప్ప దాన్ని మడిచి పక్కన పెట్టాడు.

"ఇందులో రాసినారు చూడు. అమెరికావాళ్లు ఉపగ్రహాలను పైకి ఇడిసి, వాటి సద్దును పట్టుకొని సముద్రంలో ఓడ యాడుండాదో కనుక్కుంటాండారంట. ఇంగ కొన్నేండ్లకు మనం కొండలెక్కే పని ఉండదంటారు. నాకు ఒకటే అనుమానం. అది యాడుండావో చెప్తాది, సరే. తప్పు చెప్తాండా, నన్ను నమ్మొద్దు అని అదే చెప్పుకుంటాదా? ఓడ బండకు కొట్టుకున్యాక తెలిస్తే ఏం లాభం?" అని ఆశీర్వాదం వైపు తిరిగాడు. "నీ త్రిభుజమూ అట్లనే ఉండాది. కలిసినా, కలిసినా అంటాంది. యాడ కలిసినాదో చెప్పల్యా."

"నేను చదివింది చదివినట్టే రాసినా సార్."

"రాసినావో లేదో నరసింహులు చూసొస్తాడు. రేపు పెనుకొండ, ఎల్లుండి గొర్లగుట్ట. నువ్వు ఈడనే ఉండు. నెలాఖరుకు పేరు పంపాల. ఎనిమిది అడుగులు మింగినోని పేరు నేను పంపలేను."

గుడారం బయటికి వచ్చాక ఆశీర్వాదం రెండడుగులు వెనకే నడిచాడు. "సార్, మీరే పోతాండారు గాబట్టి నాకు దిగులు లేదు" అన్నాడు. నరసింహులు వినబడనట్టు టేపు పెట్టె కోసం కేకేశాడు.

బుధవారం పొద్దున కలాసీ సుంకప్ప కోణాలు కొలిచే యంత్రం పెట్టెను వీపుకు కట్టుకుని ముందు నడుస్తుంటే, నరసింహులు పెనుకొండ కోట వెనక మెట్లెక్కాడు. మామూలుగా సగం కొండకే ఆయాసపడి బీడీ ముట్టించే మనిషి, ఆ రోజు పెళ్లికి పోతున్నవాడిలా గబగబా ఎక్కేశాడు. సుంకప్ప వింతగా వెనక్కి తిరిగి చూశాడు.

ప్రతి సర్వే గుర్తుకూ ఒక జాగ్రత్త ఉంటుంది. పైన కనిపించే రాయి మీద వలయం, నడుమ చుక్క. దాని కిందే మూడడుగుల లోతున, కదలని బండ మీద మరో వలయం, మరో చుక్క. పై రాయి ఎవడైనా కదిలిస్తాడేమోనని చుట్టుపక్కల బండల మీద రెండు సాక్షి గుర్తులు చెక్కి, వాటి నుంచి దూరాలు పాత పుస్తకంలో రాసిపెట్టారు. యంత్రం నిలబెట్టే ముందు ఆ దూరాలు కొలిచి, అనుమానం ఉంటే తవ్వి చూసి, 'గుర్తు సరిచూశాను' అని సంతకం పెట్టాలి.

సుంకప్ప ఒక సాక్షి గుర్తు మీద టేపు కొన పట్టుకున్నాడు. నరసింహులు టేపును బిగలాగి వంగి చూశాడు. పాత పుస్తకంలో ఎంత ఉందో అంతే. రెండోది కొలిచాడు. అంతే. వీడు తప్పు రాయిని పట్టుకోలేదు. పోనీ, కోణం తప్పు చదివి ఉంటాడు. రాయి మీద యంత్రం నిలబెట్టి, మట్టం చూసి, గొర్లగుట్ట వైపు గొట్టం తిప్పాడు.

గొర్లగుట్ట మీద మరో కలాసీ అద్దంతో కూర్చుని ఉంటాడు. సర్వే రాయి చుక్క మీదే అద్దం నిలిపి, సూర్యుణ్ని పెనుకొండ వైపు తిప్పుతూ ఉండటమే అతని పని. ఎండ కదిలేకొద్దీ వేలితో మర తిప్పాలి. ముప్పై మైళ్ల అవతల, నీలిగా పరచుకున్న నేల మీద, ఆవగింజంత వెలుగు తళుక్కుమంది. నరసింహులు ఊపిరి బిగబట్టి సన్నగీతను ఆ వెలుగు మీదికి తెచ్చాడు. అంకె చదివాడు. హిందూపురం పక్క కొండకు తిప్పి మళ్లీ చదివాడు. నాలుగుసార్లు, ఎనిమిదిసార్లు, పదహారుసార్లు. మధ్యాహ్నం ఎండలో గాలి అలలు అలలుగా లేచే దాకా చదువుతూనే ఉన్నాడు. నడుం పట్టేసింది. కూడి, భాగించి చూశాడు.

ఆశీర్వాదం రాసిన అంకెకూ తనకు వచ్చినదానికీ తేడా ఒక సెకను కూడా లేదు.

"సరిపోయినాదా సార్?" అన్నాడు సుంకప్ప ఆశగా, తిండికి లేవొచ్చేమోనని.

"సరిపోయినాది" అన్నాడు నరసింహులు, ఎవరో పోయినట్టు. వాడు నిజంగానే అంత బాగా చదివాడు. తనకన్నా బాగా చదివాడు. కొండ దిగుతుంటే మధ్యలో మూడుసార్లు కూర్చున్నాడు. ధర్మవరం రైల్లో కిటికీ పక్కన సీటు దొరికినా బయటికి చూడలేదు. వాడి తప్పు పెనుకొండలో లేకపోతే గొర్లగుట్టలో ఉండి తీరాలి, లేకపోతే ఎనిమిది అడుగులు ఎక్కణ్నుంచి వస్తాయి అని దారి పొడుగునా తనకు తానే చెప్పుకున్నాడు.

ధర్మవరానికి నాలుగు మైళ్ల అవతల గొర్లగుట్ట. పేరుకు తగ్గట్టు గొర్రెలే ఎక్కువ. గురువారం పొద్దున వాళ్లు ఎక్కేటప్పటికి పైన చదును బండ దగ్గర ఒక ఆవిడ గొర్రెల మధ్య నిలబడి కొబ్బరి చిప్ప గీకుతోంది. పేరు మారక్క, కింద పల్లె గొర్రెలవాళ్ల పెద్ద. సర్వే రాయికి పసుపు పూసి ఉంది, కుంకుమ బొట్లున్నాయి, మెడలో వాడిన కనకాంబరాల దండ కూడా ఉంది. అద్దం కలాసీ తన అద్దాన్ని ఆ దండ మధ్యలోనే నిలిపి, అమ్మవారికి వింజామర పట్టినవాడిలా పక్కన కూర్చున్నాడు.

"పూజ సేసుకోండి, మాకేం అడ్డం లేదు" అన్నాడు నరసింహులు. సర్వే రాళ్లకు బొట్లు పెట్టడం ఈ ప్రాంతంలో కొత్తేమీ కాదు. ఊరికి ఒకటైనా ఉంటుంది అలాంటిది.

సుంకప్ప సాక్షి గుర్తు వెతికి టేపు కొన పట్టాడు. నరసింహులు బిగలాగి, వంగి, చూసి, జేబులోని ఫీల్డు పుస్తకం తెరిచి సిరాతో రాశాడు: పంతొమ్మిది అడుగుల ఒక అంగుళం. రెండోది కొలిచాడు, రాశాడు: ఆరడుగుల మూడు అంగుళాలు. తారీకు వేశాడు. కొలిచింది కొలిచినట్టు అప్పటికప్పుడు రాసేయడం పద్దెనిమిదేళ్ల అలవాటు. చెయ్యి మనసును అడగదు. రాశాకే పాత పుస్తకం తీసి పక్కన పెట్టుకున్నాడు.

పాత పుస్తకంలో మొదటిది పదకొండు అడుగుల నాలుగు అంగుళాలు. రెండోది పద్నాలుగు అడుగులు.

నరసింహులు రెండు పుస్తకాలనూ మార్చి మార్చి చూశాడు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. గుట్ట నడవలేదు. రాయి నడిచింది.

"ఏమక్కా, ఈ రాయి మొదట్నుంచీ ఈడనే ఉండాదా?"

"యాడిది నాయనా!" మారక్క చెయ్యి తుడుచుకుంది. "మొదట అదో, ఆ వాలుగా ఉండే వారలో ఉన్న్యాది. పొంగలి కుండ పెడితే నిలబడేది కాదు, దొర్లిపోయేది. మూడేండ్ల కింద గొర్లకు రోగమొచ్చి సచ్చినప్పుడు, దేవున్ని వారలో నిలబెట్టి మనం సదునులో బతుకుతాండామే అని, నలుగురు మగోళ్లు గడ్డపారలు ఏసి ఈడికి జరిపినారు. అప్పుట్నుంచి గొర్లు బాగుండాయి. దేవుడు యాడుంటే ఏం, దేవుడే గదా?"

"దేవునికేం కాలేదక్కా" అన్నాడు నరసింహులు. "అయ్యింది మాకే."

అద్దం ఈ జరిపిన రాయి మీదే నిలిచింది. ఆశీర్వాదం యంత్రం పెట్టిందీ దీని మీదే. మూడు కొండల కోణాలూ ఒకే తప్పు చోటును నమ్మాయి కాబట్టి త్రిభుజం అంత అందంగా కలిసింది. వాడి చేతిలో తప్పేమీ లేదు. మరి రాయిని సరిచూడవలసింది ఎవరు?

ఆ ప్రశ్నకు జవాబు వెతకనక్కరలేదు. నవంబరులో ఈ గుట్టను మొదట ఎక్కి, రాయికి సున్నం కొట్టించి, అద్దం కలాసీని కూర్చోబెట్టి, 'గుర్తు సరిచూశాను' అని రాసింది నరసింహులే. ఆ రోజు టేపు పెట్టెలోంచి బయటికే రాలేదు. కొత్త యంత్రం హిందూపురం వచ్చిందని, దాన్ని ఆశీర్వాదానికి ఇస్తున్నారని కబురు తెలిసిన రోజది. పెట్టె తెరిచే వేళకు అక్కడ ఉండాలని, తనను దాటి అది ఎలా పోతుందో చూడాలని, రాయి మీద వలయం చుక్క కనబడగానే సంతకం గీకేసి రైలు కోసం పరుగెత్తాడు.

మారక్క గొర్రెల వెనక పోయాక, ఆమె మాటలన్నీ విన్న సుంకప్ప తల గోక్కున్నాడు. "సార్, కిందకు పోయి నలుగుర్ని పిల్చుకొస్తా. గడ్డపార ఏస్తే అర్ధగంట పని. వారలో పెట్టేస్తే పాత లెక్కకు సరిపోతాది. ఎవురికి తెల్సు?"

అతను చెడ్డ ఉద్దేశంతో అనలేదు. సార్ ముఖం చూసి జాలిపడి అన్నాడు. కానీ నరసింహులు ఆ మాటను వెంటనే కొట్టేయలేదు. రాయి వెనక్కి పోతే గుర్తు సరిగ్గా ఉన్నట్టే. అప్పుడు తప్పు ఆశీర్వాదానిదే అవుతుంది. ఎనిమిది అడుగులు మింగినవాడు వాడే. డెహ్రాడూనుకు మిగిలేది ఒకే పేరు. ఇంత సులువుగా, ఇంత దగ్గరగా ఆ పేరు ఎప్పుడూ రాలేదు. నోట్లో నీళ్లూరాయి. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గే కానీ, నిజంగానే ఊరాయి.

ఫీల్డు పుస్తకం ఒళ్లో తెరిచే ఉంది. పంతొమ్మిది అడుగుల ఒక అంగుళం. సిరా ఆరిపోయింది. ఈ పేజీ ఎత్తి ఎండకు పట్టుకునేవాడు రేపు ఎవడైనా ఉంటాడు. తనలాంటివాడు ఎక్కడైనా ఒకడు ఉండకపోడు. బ్లేడుతో గీకితే కాగితం పలచబడుతుంది. చింపితే నంబరు తప్పుతుంది. కొట్టేస్తే పక్కన సంతకం పెట్టాలి. ఏం చేసినా తన పేరు పడుతుంది.

అంతకన్నా పెద్ద కష్టం ఇంకొకటుంది. రాయిని ఎక్కడికి జరిపినా, ఆశీర్వాదం అర సెకను అర సెకనే. అది తనకు తెలుసు. నిన్న పెనుకొండ మీద పదహారుసార్లు కొలిచి మరీ తెలుసుకున్నాడు. డెహ్రాడూనులో బల్ల ముందు కూర్చున్నా, ఆఫీసరై గుడారం గుమ్మంలో నిలబడినా, ఆ అర సెకను రోజూ పక్కనే కూర్చుంటుంది. వాడు ఊళ్లో చెప్పులు కుట్టుకుంటున్నా తనకన్నా మంచి చెయ్యే అయి ఉంటాడు. దొంగగా గెలిచి, ఆ పైన కూడా కుళ్లుకుంటూ బతకడం ఎట్లా?

"పద సుంకప్పా" అన్నాడు చివరికి. "రాయి జోలికి పోవద్దు. మధ్యాహ్నం బండికి పోదాం."

శుక్రవారం పొద్దున ఆదెప్ప గుడారంలో నరసింహులు ఫీల్డు పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాడు. ఆశీర్వాదం ఒక మూల నిలబడి ఉన్నాడు. మూడు రోజుల గడ్డం మాసి ఉంది.

"రాయిని జరిపినారు సార్, మూడేండ్ల కింద. నవంబరులో నేను కొలవకుండా సంతకం పెడితి. ఆశీర్వాదం కోణాలు సరిగ్గా ఉండాయి. పెనుకొండలో నేనూ చదివి చూస్తి" అన్నాడు. ఆఖరి మాట చెప్పడానికి మిగతావన్నింటికన్నా ఎక్కువ కష్టపడ్డాడు.

ఆదెప్ప కళ్లద్దాలు తీసి ధోవతి చెంగుతో తుడిచాడు.

"ఎందుకు కొలవల్యా?"

"తొందరపడితి సార్."

"ఎందుకు తొందర?"

నరసింహులు ఒకసారి ఆశీర్వాదం వైపు చూసి, చూపు దించుకున్నాడు. "కొత్త యంత్రం వీనికి ఇస్తాండారని."

ఆదెప్ప ఆశీర్వాదం వైపు తిరిగాడు. "ఆయన సంతకం పెట్టినాడు, సరే. ఆ రాయి మీద యంత్రం పెట్టినోడివి నువ్వు. ఎవురు పెట్టినా మల్ల కొలవాలని రూలు ఉండాది గదా. నువ్వెందుకు కొలవల్యా? నీకూ తొందరేనా?"

"తొందర లేదు సార్. టేపు గూడా తీసినా." అన్నాడు ఆశీర్వాదం. "పుస్తకంలో నరసింహులు సార్ సంతకం కనపడినాది. ఆయన పాత పుస్తకాలు చూసే నేను పని నేర్చుకుంటి. పద్దెనిమిదేండ్లలో ఆయనది ఒక్క గుర్తు గూడా తప్పు పోలేదని అందరూ చెప్తారు. ఆయన సంతకం పెట్టినాక మల్ల టేపు పట్టి కొలిస్తే, ఆయన్ను అవమానం చేసినట్టు అనిపించినాది. టేపు లోపల పెట్టేస్తి."

నరసింహులుకు సోమవారం తను ఎండకు ఎత్తిపట్టిన పేజీలు, నిమిరిన బొటనవేలు, చూసిన వాసన అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఈ క్యాంపులో తనను కొలవకుండా నమ్మిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కణ్నే తను ఎండకు పట్టి చూశాడు. కుండలో కూడు తినకుండా క్యారియరు తెప్పించుకున్నది కూడా ఆ ఒక్కడి కోసమే.

"బాగుండాది!" ఆదెప్ప బల్ల మీద చరిచాడు. "నువ్వు గౌరవంతో కొలవల్యా, ఆయన కుళ్లుతో కొలవల్యా. ఇద్దరి మధ్యా ఎనిమిది అడుగులు. ఈ ఏడు ఎవురి పేరూ పోదు. సోమవారం ఇద్దరూ కలిసి గొర్లగుట్టకు పోండి. పాత తావులో తవ్వి కింది గుర్తు పట్టండి. దాని మీద కొత్త రాయి నాటండి. గొర్లోళ్ల దేవున్ని ముట్టుకోవద్దు, ఉన్నచోటనే ఉండనీ. ఒకరు చదవాల, ఒకరు రాయాల."

ఎవరి పేరూ పోదన్న మాట వినగానే నరసింహులు గుండెలో మొదట లేచింది బాధ కాదు. వాడూ పోవడం లేదు కదా అన్న చిన్న తృప్తి. అది వెంటనే లేచింది, అతను దాన్ని చూశాడు, చూసి అసహ్యించుకున్నాడు. అయినా అది కాసేపు అక్కడే కూర్చుని గానీ పోలేదు.

సోమవారం గొర్లగుట్ట వారలో మూడడుగులు తవ్వితే బండ తగిలింది. ఆశీర్వాదం గుంటలోకి దిగి చేతుల్తో మట్టి తుడిచాడు. వలయం, నడుమ చుక్క. నిన్న చెక్కినట్టే ఉన్నాయి. మారక్క కూడా వచ్చి వంగి చూసి, "ఇదేంది, కిందొకటి ఉండాదే!" అని ఆశ్చర్యపోయి, దానికీ ఒక బొట్టు పెట్టింది. ఇద్దరూ టేపు పట్టారు. పదకొండు అడుగుల నాలుగు అంగుళాలు. పద్నాలుగు అడుగులు. నరసింహులు ఒకసారి కొలిచి చూశాక, ఆశీర్వాదం నిలబడి ఉంటే, "నువ్వూ పట్టు" అన్నాడు. ఆశీర్వాదం పట్టాడు.

కొత్త రాయి మీద యంత్రం నిలిచింది. ఆశీర్వాదం చదివాడు, నరసింహులు రాశాడు. చదివినవాడు అంకె చెప్పగానే రాసేవాడు దాన్ని తిరిగి పలకాలి. ఎక్కడైనా తడబడతాడేమోనని నరసింహులు చెవులు రిక్కించి విన్నాడు. పదహారుసార్లూ విన్నాడు. తడబడలేదు.

మధ్యాహ్నం ఎండకు పని ఆగింది. బండ నీడలో సుంకప్ప రాగిసంగటి మూట విప్పాడు. నరసింహులు క్యారియరు తేలేదు. మూట దగ్గరికి జరిగి ఒక ముద్ద తీసుకున్నాడు, పెద్దగా రుచి చూడకుండానే మింగాడు. తర్వాత సంచిలోంచి తన మడకశిర త్రిభుజం పుస్తకం తీసి ఆశీర్వాదం ముందు పెట్టాడు.

"చూడు."

"ఎందుకు సార్? రెండున్నరకు కలిసింది గదా."

"నా సంతకం చూసి నమ్మొద్దని చెప్తాండా. పెన్సిలు తీసుకో. తప్పు కనపడితే గుర్తు పెట్టు."

ఆశీర్వాదం చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. వేలు పెట్టి ఒక్కొక్క వరుసా కూడుతూ వెళ్లాడు. పెదవులు కదులుతున్నాయి. నరసింహులు బీడీ ముట్టించి గొర్రెల వైపు చూస్తున్నట్టు నటించాడు. ఏమీ దొరక్కూడదని, ఏమీ దొరక్కూడదని లోపల మొక్కుకున్నాడు.

పదకొండో పేజీ దగ్గర వేలు ఆగింది. ఆశీర్వాదం తలెత్తి, మళ్లీ దించి, రెండోసారి కూడాడు.

"సార్, ఈడ సరాసరిలో ఒకటి తప్పినాది. కూడేటప్పుడు ఎత్తిపెట్టుకున్నది కలపల్యా."

"సరి చేస్తే ఎంతకు కలుస్తాది?"

ఆశీర్వాదం చెప్పడానికి మొహమాటపడ్డాడు. "మూడుంబావు సార్."

మూడుంబావు. పెదవి విరిచే అంకె. నరసింహులుకు అరికాలి మంట నెత్తికెక్కింది. పుస్తకం లాక్కున్నాడు, తనే కూడాడు, మళ్లీ కూడాడు. వాడు చెప్పింది నిజమే. పాత అంకె మీద సిరాతో ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, దాని పక్కన సంతకం పెట్టాడు. ఆ కోపంతోనే పేజీ తిప్పి, పుస్తకాన్ని మళ్లీ ఆశీర్వాదం ముందుకు తోశాడు.

"ఇంగా ఉండాయి. చూడు."